ఏజెన్సీ గెడ్డల్లో మలేరియా దోమల లెక్క నెలనెలా తీయడం ఎలా

పాడేరు, అరకు వైపు మన్యంలో ముఖ్యంగా చూడాల్సినవి మలేరియా మోసే అనాఫిలిస్ దోమల్లో రెండు జాతులు. అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్‌కి గట్టున గడ్డి ఉండి మెల్లగా పారే గెడ్డ (కొండవాగు) నీళ్లు కావాలి. అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ పొలం కాలవల్లో, రాతి గుంతల్లో, గెడ్డ సన్నబడ్డాక మిగిలే మడుగుల్లో గుడ్లు పెడుతుంది. జోరువానకి గెడ్డలోని లార్వాలు (నీళ్లలో ఉండే దోమపిల్లలు) కొట్టుకుపోతాయి. అందుకే వరద తీశాక, అక్టోబరు నుంచి చలికాలంలో, ఫ్లూవియాటిలిస్ మళ్లీ పుంజుకుంటుంది. జులైలో ఏమీ దొరకలేదని ఆ చోటుని జాబితాలోంచి తీసేయకండి.

కావాల్సినవి: పొడవు కాడ, తెల్లటి లోపలివైపు ఉన్న 300 మి.లీ. డిప్పర్ (నీళ్లు ముంచే గరిటె), డ్రాపర్, మూత సీసాలు, పెన్సిల్ (పెన్ను సిరా తడికి కారిపోతుంది).

ఊరికి మూడు చోట్లు ఎంచి గుర్తు పెట్టండి. ప్రతి చోటా పది ముంపులు (డిప్పర్‌ని ఒకసారి ముంచి తీస్తే ఒక ముంపు), పక్షానికోసారి, ఎప్పుడూ ఉదయం పూటే. సూర్యుడికి ఎదురుగా నిలబడండి. మీ నీడ నీళ్ల మీద పడిందా, లార్వాలు అడుక్కి దిగిపోతాయి. డిప్పర్‌ని సుమారు 45 డిగ్రీలు వంచి, గడ్డి అంచున నీటి పైపొరని మాత్రమే మెల్లగా తీయండి. కొత్తవాళ్లు నడిగెడ్డలో ముంచి "లార్వాలు లేవు" అని రాసేస్తుంటారు. ముంపుకీ ముంపుకీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి.

నీటి పైపొరకి సమాంతరంగా పడుకున్నట్టుంటే అనాఫిలిస్. తల కిందికి వేలాడితే క్యూలెక్స్ కావచ్చు, ఏడిస్ కావచ్చు. అవి ఈ లెక్కలోకి రావు. చిన్న లార్వాలు, పెద్ద లార్వాలు, ప్యూపాలు (లార్వా దోమగా మారే ముందు దశ) విడివిడిగా రాయండి. ప్యూపాలున్నాయంటే దోమలు ఒకట్రెండు రోజుల్లో ఎగరబోతున్నట్టే. లార్వాని కంటితో చూసి జాతి తేల్చడం కుదరదు. కొన్నిటిని అదే గెడ్డ నీళ్లలో, వలగుడ్డ కట్టిన సీసాలో పెంచి, పెద్దయ్యాక సూక్ష్మదర్శినిలో చూడాలి.

మొత్తం లార్వాలని మొత్తం ముంపులతో భాగించండి: 30 ముంపుల్లో 24 దొరికితే ముంపుకి 0.8. ఖాళీ ముంపులు కూడా లెక్కలోకి రావాలి, లేకపోతే సగటు ఉత్తుత్తినే ఉబ్బుతుంది. వాన ఎప్పుడు పడిందో పక్కనే రాయకపోతే తర్వాత లార్వాల తగ్గుదల మందు చల్లినందుకా, వరదకా అన్నది తేలదు.

రెక్కలొచ్చి ఎదిగిన దోమల కోసం తెల్లవారుజామున ఇళ్లలో, పశువులశాలల్లో గోడల మీద టార్చి వేసి చూడండి. ఒంటిని గోడకి ఏటవాలుగా పెట్టి వాలినవి అనాఫిలిస్. వాటిని నోటితో పీల్చే గొట్టంతో పట్టండి, నోటివైపు సన్నని వల తప్పనిసరి. ఇద్దరు అరగంట చొప్పున వెతికి 12 పడితే మనిషి-గంటకి 12. పశువులశాల లెక్కని ఇంటి లెక్కలో కలపకండి: క్యూలిసిఫేసిస్‌కి పశువుల రక్తమంటేనే మక్కువ.

ఇక ఈ దోమల లెక్కలతో గీసిన గ్రాఫుని అదే నెల జ్వరాల గ్రాఫుతో పోల్చకండి. దోమలో పరాన్నజీవి ఎదగడానికి సుమారు 10 నుంచి 14 రోజులు, ఆపైన మనిషిలో జ్వరం బయటపడటానికి ఇంకో పది పదిహేను రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. దోమల గీతని దాదాపు నెల తర్వాతి జ్వరాల గీతతో పోల్చి చూడండి.