సోదాకు ‘సరే సార్’ అనే ముందు: అమెరికా వెళ్తున్న విద్యార్థులకు కొన్ని జాగ్రత్తలు

ఆగస్టులో ఫాల్ సెమిస్టర్‌కు బయలుదేరే పిల్లల సూట్‌కేసుల్లో పచ్చళ్లు, పొడులు, కుక్కరు సర్దడానికి ఇంట్లో నెల రోజులు పడుతుంది గానీ, అక్కడ పోలీసులు కారు ఆపితే ఎలా నడుచుకోవాలో, తలుపు తడితే ఏం అడగాలో చెప్పి పంపేవాళ్లు తక్కువ. 1791లో అమెరికా రాజ్యాంగంలో చేరిన నాలుగో సవరణ, మనిషి ఒంటికీ ఇంటికీ కాగితాలకూ వస్తువులకూ అకారణ సోదాల నుంచి, జప్తుల నుంచి రక్షణ కల్పిస్తుంది. ఆ రక్షణ పౌరులకే కాదు, వీసా మీద అక్కడ ఉంటూ చదువుకునే మన పిల్లలకూ ఉంటుంది. అయితే సోదాకు మనమే ఒప్పుకుంటే ఆ రక్షణను మన నోటితో మనమే వదులుకున్నట్టు.

పోలీసు కనబడగానే తల ఊపడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అలాంటి రక్షణ నిబంధన మన రాజ్యాంగంలో లేదని మన సుప్రీంకోర్టే 1954లో ఎం.పి.శర్మ కేసులో చెప్పింది కాబట్టి, సోదాను కాదనవచ్చన్న ఊహే మనలో చాలామందికి రాదు. వద్దనే హక్కు మీకుందని పోలీసు ముందుగా చెప్పాల్సిన పని లేదని అమెరికా సుప్రీంకోర్టు 1973లో తేల్చింది. పైగా అక్కడి అధికారులు తరచుగా ‘డూ యూ మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ లుక్’ (ఒకసారి చూస్తే మీకు అభ్యంతరమా) అని అడుగుతారు. దానికి ‘నో సార్’ అంటే అభ్యంతరం లేదని అర్థం. మర్యాదకు నవ్వుతూ ‘ఎస్ సార్’ అన్నా, పక్కకు జరిగి దారి ఇచ్చినా సమ్మతి కిందే లెక్కగట్టే ప్రమాదం ఉంది. అందుకే ‘ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సెర్చ్’ అన్న ఒక్క వాక్యాన్ని, గొంతు పెంచకుండా, తడబడకుండా చెప్పడం ఇంట్లోనే పదిసార్లు సాధన చేయించండి.

కారు ఆపినప్పుడు మన ఊళ్లో లాగా దిగి పోలీసు దగ్గరికి నడిచి వెళ్లడం అక్కడ చాలా ప్రమాదకరం. ఇంజను ఆపి, అద్దం దించి, రాత్రయితే లోపలి దీపం వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా ఉంచి కూర్చోవాలి. లైసెన్సు అడిగితే అది ఎక్కడుందో ముందు చెప్పి, ఆ తరువాతే చెయ్యి కదపాలి. దిగమంటే దిగాల్సిందే. డిక్కీ తెరవమని అడిగితే మాత్రం ఒప్పుకోనవసరం లేదు. ఒప్పుకోకపోవడం ఒక్కటే అనుమానానికి కారణం కాదు. కానీ కారులో నేరానికి సంబంధించిన వస్తువు ఉందనడానికి తగిన ఆధారం కనబడితే వారంటు లేకుండానే వెతకవచ్చు కాబట్టి, వాళ్లు వెతుకుతుంటే అడ్డుపడకూడదు, చెయ్యి పట్టుకోకూడదు. ఫోను సంగతి వేరు: అరెస్టు చేసినా సరే, అందులోని సమాచారం చూడాలంటే సాధారణంగా వారంటు ఉండాలని 2014లో రైలీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

రక్షణ అన్నింటికన్నా గట్టిగా ఉండేది ఇంటి గడప దగ్గరే. ఎవరైనా తడితే తలుపు తీయకుండా లోపలి నుంచే ఎవరో అడిగి, వారంటు ఉందంటే తలుపు కింద నుంచి లోపలికి తోయమనో, కిటికీ అద్దానికి ఆనించి చూపించమనో అడగండి. ఆ కాగితం మీద మీ అపార్ట్‌మెంటు నంబరుతో సహా చిరునామా సరిగ్గా ఉందా, ఏం వెతకాలో రాసి ఉందా, కింద సంతకం కోర్టు న్యాయమూర్తిదా అన్నవి నిదానంగా చదవాలి. ఇమ్మిగ్రేషన్ శాఖ అధికారే సంతకం చేసిన కాగితం న్యాయమూర్తి ఇచ్చిన వారంటు కాదు; దాన్ని చూసి మీ అంతట మీరు తలుపు తీయనక్కర్లేదు. ఒకవేళ బలవంతంగా వస్తే, సమ్మతి లేదని పైకి చెప్పి పక్కకు తప్పుకోండి. నలుగురు కలిసి ఉండే ఇంట్లో మీరు లేనప్పుడు ఒక రూమ్మేటు ఒప్పుకుంటే హాలూ వంటిల్లూ వెతకవచ్చు కాబట్టి, చేరిన మొదటి వారంలోనే అందరూ కూర్చుని ఈ విషయం మాట్లాడుకోవడం మంచిది. మీ తరఫున ఒప్పుకునే అధికారం ఇంటి ఓనరుకు లేదు.

విమానాశ్రయంలో మాత్రం ఈ ధీమా పనికిరాదు. సరిహద్దు దగ్గర పెట్టెలు వెతకడానికి వారంటూ అనుమానమూ అక్కర్లేదు. ఫోను, లాప్‌టాప్ కూడా అడగవచ్చు. కాదంటే వీసా మీద వచ్చినవారిని వెనక్కి పంపే అవకాశం ఉంది. తినే వస్తువులను దాచకుండా చెప్పండి, అడిగినదానికి అబద్ధం చెప్పకండి. దేశంలోకి ప్రవేశించాక పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి ప్రవేశించినట్టు నమోదైన పత్రం), ఐ-20 (చదువు కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ పత్రాన్ని (విద్యార్థులకు సాధారణంగా ఐ-94యే) వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం.

సోదా అన్యాయమని తోచినా గడప దగ్గర వాదించవద్దు. అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని కోర్టు తోసిపుచ్చాలన్న నియమాన్ని 1961లో మ్యాప్ అనే మహిళ కేసులో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రాల కోర్టులకూ వర్తింపజేసింది గనుక, ఆ వాదన లాయరు ద్వారా కోర్టులోనే చేయాలి. అధికారి పేరు, బ్యాడ్జి నంబరు, సమయం, మీరన్న మాటలు, వాళ్లన్న మాటలు ఆ రాత్రే రాసిపెట్టుకుని, తెల్లారగానే లాయరునూ, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్నీ సంప్రదించండి.