టర్కీలో పాత ఇంట్లో దిగబోతున్నారా?

కరాబూక్ యూనివర్సిటీలో సీటొచ్చి పక్కనే ఉన్న సఫ్రాన్‌బోలులో ఇల్లు వెతుక్కునేవాళ్లకు నా సలహా ఒకటే: పాత ఇల్లు దొరికితే లోపలికెళ్లి చూడకుండా వదలకండి. 1994 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ఊరది.

ఇక్కడి ఇంటికి కింద రాతిగోడ, పైన చెక్క చట్రం, ఆ చట్రం సందుల్లో మట్టి ఇటుక. వీధి వంకరగా ఉంటే కింది గోడ దానితోపాటే వంకరపోతుంది. పై అంతస్తును మాత్రం వీధి మీదికి ముందుకు జరిపి గదిని చక్కగా నలుచదరం చేస్తారు. ఆ తెలివి నాకెంతో ఇష్టం. అన్ని గదులూ 'సోఫా' అనే నడిమి హాల్లోకి తెరుచుకుంటాయి. ఒక్కో గదీ ఒక్కో కాపురమే. కిటికీల వెంట కూర్చోవడానికి 'సెదిర్' అరుగు, పగలు పరుపులు దాచే గోడ అల్మారా, చాలా ఇళ్లలో ఆ అల్మారాలోనే తలుపు చాటున చిన్న స్నానాల అర ఉంటాయి. అందుకే మన డబుల్ కాట్ పట్టదని టెన్షన్ పడకండి, రాత్రికి పరుపు నేలమీద పరుచుకోవచ్చు.

వేరే ఊరైతే ఇల్లూ వేరే. వానలెక్కువ పడే నల్లసముద్రం వైపు చెక్క ఇళ్లు, పక్కనే కాళ్లమీద నిలబెట్టిన ధాన్యపు కొట్టు. దియార్‌బకిర్‌లో నల్లరాతి ఇళ్ల నడుమ వాకిలి చూస్తే మన మండువా లోగిలి గుర్తొస్తుంది. మార్దిన్‌లో పసుపు సున్నపురాయి; మందపాటి గోడల వల్ల ఎండాకాలం గదులు చల్లగా ఉంటాయి.

అద్దెకు ఒప్పుకునే ముందు దూలాల మొదళ్లు తట్టి చూడండి, చెమ్మ తగిలిన చెక్క పుచ్చిపోతుంది. 1999 భూకంపంలో ఇలాంటి చెక్క చట్రపు ఇళ్లు చాలా నిలబడ్డాయి, కానీ పుచ్చిన చట్రాన్ని నమ్మలేం. రక్షిత కట్టడమైతే ఏసీ పెట్టాలన్నా, కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. ముందే ఓనర్‌ను అడగండి. చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి, అది మనకు అలవాటే.

చలికాలంలో 'సోబా' అనే బొగ్గు పొయ్యి ఉంటే పొగగొట్టం ఏటా శుభ్రం చేయించాల్సిందే. ఇస్తాంబుల్ ఉన్న మర్మరా ప్రాంతం వైపు 'లోదోస్' అనే దక్షిణపు గాలి వీచినప్పుడు పొగ గదిలోకే తిరిగొస్తుంది, ప్రాణాలు తీస్తుంది. ఆ రాత్రి పొయ్యి ఆర్పేసి, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకోండి.