రొమ్ము ఇంప్లాంట్లకు రెండోసారి శస్త్రచికిత్స: ముందు, తరువాత తీసుకోవలసిన జాగ్రత్తలు

రెండోసారి చేసే శస్త్రచికిత్స మొదటిదానికి నకలు కాదు. పాత మచ్చలు, పలచబడిన చర్మం, ఇంప్లాంటు చుట్టూ గట్టిపడిన పొర సర్జన్ పనిని కష్టతరం చేస్తాయి. అందువల్ల మొదటి ఆపరేషన్ నివేదికను, ఇంప్లాంటు రకం, పరిమాణం తెలిపే కార్డును ముందుగా సంపాదించండి. గరుకు ఉపరితలమున్న ఇంప్లాంట్లకు ఒక అరుదైన లింఫోమాతో (రోగనిరోధక కణాల్లో పుట్టే క్యాన్సర్‌తో) సంబంధం ఉన్నట్లు తేలడంతో, 2019లో అలెర్గాన్ సంస్థ బయోసెల్ రకాన్ని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. కార్డులో ఆ పేరుంటే సర్జన్‌కు తప్పక చూపించండి.

అత్యవసరం కాకపోతే, మొదటి గాయం మెత్తబడేదాకా కొన్ని నెలలు ఆగడమే మేలు. పొగతాగేవారు కనీసం 4 వారాల ముందే మానాలి. రక్తాన్ని పలచబరిచే మందులను మాత్రం సొంత నిర్ణయంతో ఆపకూడదు.

గట్టిపడిన పొరను తొలగించినప్పుడు, లోపల చేరే ద్రవం బయటికి రావడానికి సన్నని డ్రెయిన్ గొట్టం అమర్చవచ్చు. రోజూ ఒకే వేళకు ఆ ద్రవాన్ని కొలిచి, రంగుతో సహా రాసిపెట్టుకోండి (జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు). ఎరుపు క్రమంగా లేత పసుపుకు మారాలి. మళ్లీ చిక్కటి ఎరుపు కనిపిస్తే సర్జన్‌కు వెంటనే తెలపాలి. బరువులు ఎత్తడం సాధారణంగా 4 నుంచి 6 వారాలు మానాలి. ఒకవైపే హఠాత్తుగా ఉబ్బినా, జ్వరం వచ్చినా, ఊపిరి అందకపోయినా, పిక్క వాచి నొప్పిపెట్టినా తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.