ఆటల మీద ఫిజిక్స్ ప్రాజెక్టా? టెన్నిస్ బంతి చాలు

ఆటల టాపిక్ అనగానే హైస్కూల్ పిల్లలు క్రికెట్ బంతి స్వింగ్ మీద పడతారు. వినడానికి బాగుంటుంది కానీ ఇంట్లో కొలవడం కష్టం, చివరి వారంలో టెన్షన్. టేపుతో కొలవగలిగేదే ఎంచుకోండి.

టెన్నిస్ బంతి గురించి నియమమే ఉంది: 254 సెంటీమీటర్ల నుంచి గట్టి నేల మీద వదిలితే 135 నుంచి 147 దాకా ఎగరాలి. మీ కొలత సరిగ్గా వస్తోందో లేదో చూసుకోడానికి ఆ అంకె ముందే చేతిలో ఉన్నట్టు. (గల్లీ క్రికెట్ బంతి కాదు, అసలు టెన్నిస్ బంతే.) ఎగిరిన ఎత్తుని వదిలిన ఎత్తుతో భాగించి వర్గమూలం తీస్తే ప్రత్యవస్థాన గుణకం, అంటే బంతి ఎంత బాగా తిరిగి ఎగురుతుందో చెప్పే అంకె. 140 ఎగిరితే సుమారు 0.74.

ఇక మార్చేది ఒక్కటే ఉండాలి. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టిన బంతి, గదిలో ఉంచిన బంతి పోల్చండి. చల్లబడితే లోపలి గాలి ఒత్తిడి తగ్గుతుంది, తక్కువ ఎగురుతుంది. బయటికి తీయగానే వదలండి, లేకపోతే వేడెక్కిపోతుంది.

గోడకి టేపు అంటించి, ఫోన్‌ని బంతి ఎగిరే ఎత్తుకే స్టూల్ మీద పెట్టి స్లో మోషన్‌లో తీయండి. కింద నుంచి తీస్తే కొలత తప్పుతుంది. ఒక్కోటి కనీసం ఐదుసార్లు వదిలి సగటు రాయండి.