పెళ్లికి పాత బ్రిటిష్ కారు బుక్ చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఇంగ్లండ్‌లో వేసవి పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయి. జాగ్వార్ మార్క్ 2 కో, డైమ్లర్ డీఎస్ 420 కో అడ్వాన్సు కట్టే ముందు:

• సందర్భం ఏమిటో నిజం చెప్పి, కాగితం మీద రాయించుకోండి. అక్కడ డ్రైవరుతో వచ్చే పెళ్లి కారుకు ప్రైవేట్ హైర్ లైసెన్సు (డ్రైవరుతో సహా కారు అద్దెకు తిప్పడానికి ఇచ్చే అనుమతి) అక్కర్లేదు. అదే కారు పుట్టినరోజుకో, షష్టిపూర్తికో పిలిస్తే ఆ మినహాయింపు వర్తించదు. లైసెన్సు లేకుండా తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు చేతికి రాకపోవచ్చు. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇదే.

• పసిపిల్లలు ఎక్కుతారా? 1965కు ముందు కార్లలో చాలావాటికి సీటు బెల్టులుండవు. బెల్టు లేని కారులో మూడేళ్లలోపు పిల్లల్ని ఎక్కించడం చట్టవిరుద్ధం. వాళ్లకు వేరే కారు పెట్టండి.

• 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కారుకు ఏటా ఎంఓటీ పరీక్ష (కారు రోడ్డు మీద తిరగడానికి తగినట్టు ఉందో లేదో చూసేది) తప్పనిసరి కాదు. అయినా చేయించారా అని అడగండి. చేయించే ఓనరు బ్రేకుల్ని పట్టించుకునే మనిషి.

• బ్యూఫోర్డ్ చూసి 1930ల కారనుకోకండి. అది 1980ల్లో మొదలైన కిట్ కారు, అంటే విడిభాగాలు కొని బిగించుకునే కారు. అందంగానే ఉంటుంది, బేరం మాత్రం తెలిసి ఆడండి.

• పెళ్లికూతుర్ని ఒకసారి చీరలోనే ఎక్కి దిగమనండి. మార్క్ 2 వెనక సీటు ఇరుకు, కుచ్చిళ్లు నలుగుతాయి. డీఎస్ 420లో కాళ్ల దగ్గర బోలెడంత చోటు.