సొంత బ్రష్ సరిగా పడటం లేదా? ముందు బొమ్మ చూడండి

తిరుపతిలో శుభలేఖలు, చీరల డిజైన్లు చేసేవాళ్లకు శ్రీకాళహస్తి కలంకారీ పక్కనే ఉంది. ఆ గీతల్ని, పూల అంచుల్ని ఫొటోషాప్‌లో బ్రష్‌లుగా చేసి పెట్టుకుంటే చాలా పని తగ్గుతుంది. కానీ మొదటి బ్రష్‌కే ఏదో తేడా వచ్చి, టెన్షన్ పడి వదిలేసేవాళ్లే ఎక్కువ. నేను చూసినంతలో తప్పు సెట్టింగ్స్‌లో కన్నా, బ్రష్‌గా మార్చిన బొమ్మలోనే ఎక్కువ ఉంటుంది.

గీత చుట్టూ బూడిదరంగు డబ్బా పడుతోంది

ఇలా బ్రష్ చేసేటప్పుడు ఫొటోషాప్ బొమ్మలోని రంగుల్ని పట్టించుకోదు. నలుపు ఉన్నచోట రంగు నిండుగా పడుతుంది, తెలుపు ఉన్నచోట అసలు పడదు, మధ్య ఛాయలన్నీ పల్చగా పడతాయి. ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో తీసిన కాగితం మన కంటికి తెల్లగానే ఉంటుంది. దగ్గరగా జూమ్ చేస్తే ఒక మూల చేతి నీడ, ఒక అంచున మడత కనిపిస్తాయి. గుడ్డను ఫొటో తీస్తే ఇంకా కష్టం. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డకు లేత పసుపు ఛాయ ఉంటుంది, అదంతా బ్రష్‌లోకి వచ్చేస్తుంది.

కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కి రంగు తీసేయండి. కంట్రోల్, ఎల్‌తో లెవెల్స్ తెరిచి, తెల్ల డ్రాపర్‌తో కాగితంలో అన్నిటికన్నా మసకగా ఉన్నచోట క్లిక్ చేయండి. అంతకన్నా లేత ఛాయలన్నీ తెల్లబడిపోతాయి. నల్ల స్లయిడర్‌ను కుడివైపు జరిపి గీతను ముదురు చేయండి. ఆల్ట్ పట్టుకుని తెల్ల స్లయిడర్ కదిపితే కాగితం భాగమంతా తెల్లగా కనిపించాలి. ఎక్కడైనా నల్ల మచ్చ మిగిలితే అది బ్రష్‌లోనూ పడుతుంది. అది పోయాకే ఎడిట్ మెనూలో డిఫైన్ బ్రష్ ప్రీసెట్ నొక్కండి.

ఎర్ర పెన్నుతో గీసిన బొమ్మ పల్చగా పడటానికీ కారణం ఇదే, మందూ ఇదే. ఫొటోషాప్ బదులు గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు బొమ్మను గ్రేస్కేల్‌లోకి మార్చి సేవ్ చేయాలి, లేకపోతే బ్రష్ తన సొంత రంగుతోనే పడుతుంది.

గీత పూసల దండలా వస్తోంది, లేదా మోటిఫ్‌లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి

శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో అచ్చుతో అద్దుతారు. బ్రష్‌లు కూడా ఈ రెండు రకాలే. కొత్త బ్రష్‌కు స్పేసింగ్, అంటే ఒక ముద్రకూ ఇంకో ముద్రకూ మధ్య దూరం, మామూలుగా 25 శాతం ఉంటుంది, అది రెండింటికీ సరిపోదు. ఎఫ్5 నొక్కి బ్రష్ సెట్టింగ్స్ తెరిచి, గీత బ్రష్‌కు 5 శాతం లోపు పెట్టండి. మామిడి పిందె లాంటి అచ్చు బ్రష్‌కు 100 దాటించండి.

వంపు తిరిగినప్పుడు పిందె కూడా తిరగాలంటే షేప్ డైనమిక్స్‌లో యాంగిల్ కంట్రోల్‌ను డైరెక్షన్‌కు మార్చండి. అప్పుడూ అడ్డంగా పడుతుంటే, బొమ్మను కుడివైపు సాగేలా తిప్పి మళ్లీ బ్రష్ చేయండి.

ప్రింట్‌లో మసక

ఇలాంటి బ్రష్ పిక్సెల్స్‌తోనే తయారవుతుంది, సాగదీస్తే చెదురుతుంది. కార్డు మీద 5 అంగుళాల మోటిఫ్ 300 రిజల్యూషన్‌లో (అంగుళానికి 300 పిక్సెల్స్) కావాలంటే బ్రష్ కనీసం 1500 పిక్సెల్స్ ఉండాలి. పెద్దగా చేసి తగ్గించుకోవడమే మంచిది.

పెన్ ఒత్తినా గీత లావెక్కడం లేదు

షేప్ డైనమిక్స్‌లోనే సైజ్ కంట్రోల్‌లో పెన్ ప్రెషర్ ఎంచుకోండి. పక్కన త్రికోణంలో ఆశ్చర్యార్థకం కనిపిస్తే ట్యాబ్లెట్‌ను సాఫ్ట్‌వేర్ గుర్తించలేదన్నమాట. డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

మర్నాడు సెట్టింగ్స్ అన్నీ పోయాయి

డిఫైన్ చేసినప్పుడు భద్రమయ్యేది బొమ్మ మాత్రమే. తర్వాత మీరు మార్చిన స్పేసింగ్, డైరెక్షన్ అందులో చేరవు. అన్నీ కుదిరాక న్యూ బ్రష్ ప్రీసెట్ నొక్కి ఇంకోసారి సేవ్ చేయండి. సిస్టమ్ ఫార్మాట్ చేసే ముందు ఏబీఆర్ (ఫొటోషాప్ బ్రష్) ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.