కాలేజ్ హూప్స్ 2కే8: లెగసీ మొదలుపెట్టే ముందు

2007లో వచ్చిన ఈ అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ వీడియో గేమ్‌లో విద్యార్థి ఆటగాళ్లకు అసలు పేర్లు ఉండవు, స్థానం, జెర్సీ నంబరు మాత్రమే. పేర్లు కావాలంటే ఎడిట్ ప్లేయర్‌లో మీరే టైప్ చేసుకోవాలి. ముందు మీ జట్టు, తర్వాత తరచూ ఎదురయ్యే ప్రత్యర్థులు చాలు. అందరివీ మార్చాలని కూర్చుంటే ఆట మూలన పడుతుంది!

మార్చాక రోస్టర్‌ను (ఆటగాళ్ల జాబితాను) సేవ్ చేసి, లోడ్ చేసి, అప్పుడే లెగసీ (కోచ్‌గా ఏళ్ల తరబడి జట్టును నడిపే మోడ్) మొదలుపెట్టండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. లెగసీ ఆరంభంలో ఉన్న రోస్టర్‌నే తీసుకుంటుంది. తర్వాత బయట చేసిన మార్పులు అందులోకి రావు.

ఆట వచ్చిన నాటికి అసలు కాలేజీ మ్యాచ్‌లో 20 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు. సమయం తగ్గిస్తే ఫౌల్స్ కూడా తగ్గి, ఒక హాఫ్‌లో జట్టు చేసే ఏడో ఫౌల్‌తో ప్రత్యర్థికి వచ్చే 'వన్ అండ్ వన్' అరుదవుతుంది. అందులో మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది. కనుక ఆధిక్యంలో ఉన్నప్పుడు చివరి నిమిషంలో, ప్రత్యర్థి కావాలని ఫౌల్ చేసినా నష్టం లేకుండా, బంతి ఫ్రీ త్రోలు బాగా వేసే ఆటగాడి చేతిలోనే ఉంచండి.

ఫుల్ కోర్ట్ ప్రెస్‌ను (కోర్టు అంతటా ప్రత్యర్థిని వెంటాడి అడ్డుకోవడం) మ్యాచ్ అంతా వాడకండి. ఆటగాళ్లు అలసిపోతారు, షాట్లు తప్పుతాయి. జోన్ డిఫెన్స్ (ఒక్కొక్కరూ ఒక్కో ప్రాంతాన్ని కాపాడే పద్ధతి) ఎదురైతే డ్రిబుల్‌తో దూరకుండా, బంతిని హై పోస్ట్‌కు (ఫ్రీ త్రో గీత దగ్గరకు) పంపి అక్కడి నుంచి మూలనున్న షూటర్‌కు అందించండి.